పుతుప్పల్లి ప్రతినిధి

ఒకే నియోజకవర్గమునుండి ఒకే శాసనసభకు పండ్రెండు పర్యాయములు వరుసగా ఎన్నికై, ఒక్కమారైనను పరాజయ మెఱుగక, అర్ధశతాబ్దికి మించి ఆ సభలో ఆసీనుడైన ప్రజాప్రతినిధి చరిత్రమును పరిశీలింపబూనువారు, ఆయన యధిష్ఠించిన పదవుల జోలికి బోకమునుపే, ఆయనను మాటిమాటికిని ఆ సభకు బంపిన గ్రామసీమను గూర్చి విచారింపవలెను. కేరళరాష్ట్రమున కొట్టాయం జిల్లాలోని పుతుప్పల్లి అట్టి సీమ. రబ్బరుతోటల నడుమ, సెయింట్ జార్జి పేర వెలసిన ప్రాచీనమైన సిరియన్ క్రైస్తవ దేవాలయము చుట్టును అల్లుకొన్న ఆ యూరి కుటుంబమున, 1943 అక్టోబరు 31వ తేదీన ఊమెన్ చాందీగారు జన్మించిరి.

వారి రాజకీయ జీవితమునకు విద్యార్థి ఉద్యమమే పురిటిల్లు. 1967 ఎన్నికలలో కాంగ్రెసు పక్షము కేరళ శాసనసభయందు తొమ్మిది స్థానములకు క్షీణింపగా, నైరాశ్యమున మునిగిన ఆ పక్షమునకు మరల ప్రాణము పోసినవారు కళాశాలలనుండి వెడలివచ్చిన యువకులు; ఎ.కె. ఆంటోనీ, వయలార్ రవి మున్నగువారితోపాటు చాందీగారును ఆ తరమువారే. కేరళ స్టూడెంట్స్ యూనియన్ అధ్యక్షులుగా పేరొందిన పిమ్మట, 1970లో, 26 ఏండ్ల ప్రాయమున, పుతుప్పల్లిలో మార్క్సిస్టు పక్షమువారగు అప్పటి సభ్యుడు ఇ.ఎం. జార్జిని 7,288 ఓట్ల ఆధిక్యముతో ఓడించి సభాప్రవేశము గావించిరి. అది మొదలు ప్రభుత్వములు మారినవి, కూటములు తారుమారైనవి, కాంగ్రెసు చీలి మరల కలిసినది. పుతుప్పల్లి తీర్పు మాత్రము మారలేదు.

మంత్రిపదవుల కాలమును సంక్షేపముగా జెప్పుట చాలును. 1977లో కార్మికశాఖ, 1981 డిసెంబరులో ఏర్పడి, స్పీకరుయొక్క నిర్ణాయకమైన ఓటుపై ఆధారపడి, మూడు నెలలైనను నిండకయే కూలిన కరుణాకరన్ మంత్రివర్గమున హోంశాఖ, 1991లో ఆర్థికశాఖ. ఈ చివరిదానిని పక్షములోని అంతఃకలహము కారణముగా 1994లో తామే త్యజించిరి. 2004 లోక్‌సభ ఎన్నికలలో కేరళమున కాంగ్రెసు ఒక్క స్థానమైనను గెలువజాలకపోవుటతో అప్పటి ముఖ్యమంత్రి ఆంటోనీ రాజీనామా యొసగగా, ఆగస్టు 31న చాందీగారు ముఖ్యమంత్రులైరి. 2006లో ఆ పదవి పోయినది. ఐదేండ్లు ప్రతిపక్షనాయకులుగా అచ్యుతానందన్ ప్రభుత్వమునకు ఎదుట గూర్చుండి, 2011లో తిరిగి వచ్చునప్పటికి, 140 స్థానముల సభలో వారి కూటమికి లభించినవి 72 మాత్రమే. అంత సన్నని ఆధిక్యముతో, తమలో తాము కలహించుకొను భాగస్వామ్యపక్షములను వెంటబెట్టుకొని, ఐదేండ్లును ప్రభుత్వమును నిలుపుటకంటె వారి సభాదక్షతకు వేరు నిదర్శనము వలదు.

అయినను జనుల మనస్సులలో వారి పేరు నిలిచినది జనసంపర్క కార్యక్రమమువలన. అర్జీలను ముందుగా కలెక్టరు కార్యాలయమున స్వీకరించి, శాఖలవారీగా పరిశీలింపజేసి, నిర్ణీతదినమున ఒక మైదానమునందు ముఖ్యమంత్రి స్వయముగా అర్జీదారులను కలిసికొనుట ఆ కార్యక్రమ విధానము. ఉదయము మొదలైనది అర్ధరాత్రి వరకును సాగెడిది. దువ్వని జుట్టుతో, నలిగిన తెల్లని ఖద్దరు చొక్కాతో, కుర్చీని విడిచి నిలుచుండియే, ఒక్కొక్కరి కాగితమును చేతబట్టి చదివి, ప్రక్కనున్న అధికారి నొకమాట యడిగి, ఆ కాగితముపైననే ఆజ్ఞ వ్రాయుచుండిరి. మంచముపట్టిన రోగులను అంబులెన్సులలో తెచ్చినప్పుడు ముఖ్యమంత్రియే వారియొద్దకు నడిచెడివారు. చికిత్సకు ధనము, ఇంటిస్థలమునకు పట్టా, రేషను కార్డు, నిలిచిపోయిన పింఛను — పేదవాని బ్రదుకు ఇట్టివానిపైననే గదా నిలిచియుండునది! ఈ కార్యక్రమమునకు ఐక్యరాజ్యసమితి ప్రజాసేవా పురస్కారము లభింపగా, 2013లో మనామా నగరమున దానిని స్వీకరించిరి.

గ్రామాధికారి చేయదగిన పనిని ముఖ్యమంత్రి చేయవలెనా యని ప్రతిపక్షమువారు ఆక్షేపించిరి. ఆ యాక్షేపణను తేలికగా ద్రోసివేయరాదు. కార్యాలయమున సకాలమున జరుగవలసిన పనికై రోగి మైదానమునకు రావలసివచ్చుటయే పాలనాయంత్రపు లోపమునకు సాక్ష్యము. చాందీగారి కీ సంగతి తెలియకపోలేదు. నిర్ణీతకాలములో సేవ యందజేయని ఉద్యోగికి జరిమానా విధించు సేవాహక్కు చట్టమును 2012లో గావించినది వారి ప్రభుత్వమే. శాసనకర్తగా వారి కృషిలో మిక్కిలి విలువైనది ఈ చట్టమే యని నా యభిప్రాయము. ఏండ్ల తరబడి ఆదివారములందు పుతుప్పల్లి యింటివాకిట అర్జీలు విన్నవారు గనుకనే, ఏ కాగితము ఏ బల్లపై నిలిచిపోవునో వారికి కంఠోపాఠమై, అట్టి చట్టముయొక్క ఆవశ్యకత బోధపడినదని తలంతును.

ఆ పాలనాకాలము వివాదరహితమని చెప్పరాదు. సౌరవిద్యుత్తు పేర జరిగిన యొక మోసమున వారి కార్యాలయోద్యోగుల పేర్లు వెలువడి, రాష్ట్రమంతట ఆందోళన చెలరేగి, 2013లో కన్నూరున వారి కారుపై రాళ్లు పడి గాయమైనది. 2016 జనవరిలో విచారణసంఘము ఎదుట సుమారు 14 గంటలు సాక్ష్యమిచ్చిరి. ఆ యేటనే కూటమి ఓడినది. ఆ వ్యవహారమున వారిపై వచ్చిన ఫిర్యాదునకు ఆధారములు లేవని సి.బి.ఐ. 2022లో తేల్చినది. ఈ నడుమ, 2018లో, ఆంధ్రప్రదేశ్ కాంగ్రెసు వ్యవహారముల బాధ్యత వారిపై బడగా, శాసనసభలో ఒక్క సభ్యుడైనను లేని యా పక్షమును లేవనెత్త యత్నించిరి గాని, 2019 ఎన్నికలు ఆ యత్నమును వమ్ము గావించినవి. ఒక సీమలో యాబదేండ్లు పెంచిన అనుబంధము మఱొక సీమలో అక్కఱకు రాదు.

కొట్టాయం జిల్లాలోని పాలా నియోజకవర్గమునకు జీవితాంతము ప్రతినిధియైన కె.ఎం. మాణిగారి రికార్డును, 2022 ఆగస్టు 2న 18,728 దినముల సభ్యత్వముతో చాందీగారు అధిగమించిరి. 2023 జూలై 18న బెంగుళూరున దివంగతులైరి. వారి కోరిక ననుసరించి కుటుంబమువారు ప్రభుత్వలాంఛనములను వలదనిరి. తిరువనంతపురమునుండి కొట్టాయమునకు భౌతికకాయమును గొనిపోయిన వాహనము, త్రోవపొడుగున నిలిచిన జనసమ్మర్దమువలన, కొన్ని గంటల ప్రయాణమునకు ఒక దినముకంటె నెక్కువకాలము తీసికొన్నది. 2011లో 33,255 ఓట్లున్న వారి ఆధిక్యము 2021 నాటికి 9,044కు తగ్గియుండెను. మరణానంతరము సెప్టెంబరులో జరిగిన ఉపయెన్నికలో కుమారుడు చాందీ ఊమెన్ 37,719 ఓట్ల ఆధిక్యముతో గెలిచిరి; పండ్రెండు ఎన్నికలలో తండ్రి కెన్నడును అంత ఆధిక్యము లభింపలేదు.