మద్యవ్యసన చికిత్సలో ప్రత్యామ్నాయ పద్ధతులు: ఏది ముందు, ఏది తరువాత

పీఠిక

కార్తికం వచ్చిందంటే తెలుగు ఊళ్ళలో నల్లబట్టలు కనబడతాయి. ఏడాది పొడుగునా తాగినవాడు అయ్యప్ప మాల వేసుకుని 41 రోజులు చుక్క ముట్టడు. తెల్లవారకముందే చన్నీళ్ళ స్నానం, సాయంత్రం పూజ, రాత్రి భజన. నిన్నటిదాకా ఈసడించినవాళ్ళే ‘స్వామీ’ అని పిలుస్తారు. మాల తీసిన వారానికే అదే మనిషి బెల్టు షాపు దగ్గర కనిపించడమూ మనకు కొత్త కాదు. ఆ 41 రోజులు అతన్ని ఆపింది ఏమిటి? ఆ తరువాత లోపించింది ఏమిటి? యోగం, ధ్యానం, ఆయుర్వేదం, ఆక్యుపంక్చర్‌ల బలాన్నీ హద్దునూ ఈ ప్రశ్నల వెలుగులో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

మానడంలో ప్రమాదం

రోజూ అతిగా తాగేవాడు ఒక్కసారిగా మానేస్తే కొన్ని గంటల్లోనే చేతులు వణుకుతాయి, చెమటలు పడతాయి. మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. ఆపైన లేనివి కనబడే మతిభ్రమ ముంచుకురావచ్చు. 2015లో తెలంగాణలో కల్తీ కల్లును కట్టడి చేసినప్పుడు నిజామాబాద్, మహబూబ్‌నగర్ జిల్లాల్లో దానికి అలవాటుపడినవారు ఇలాంటి బాధే పడ్డారు. కల్లులో కలిపే అల్ప్రాజోలం, డైజీపాం వంటి మందులు హఠాత్తుగా అందకపోవడమే అందుకు కారణం. ఈ దశలో ప్రాణాయామం చాలదు. డాక్టరు పర్యవేక్షణ, మందులు, థయమిన్ (బి1 విటమిన్) కావాలి.

ప్రాచీన వైద్యానికీ ఈ ఎరుక ఉంది. దురలవాటును పాదం పాదంగా, అంటే నాలుగో వంతు చొప్పున వదలాలని చరక సంహిత సూత్రస్థానం 7వ అధ్యాయం చెబుతుంది. చికిత్సాస్థానం 24వ అధ్యాయం మదాత్యయ (అతిగా తాగడం వల్ల వచ్చే జబ్బు) చికిత్సకే కేటాయించినది. మానినవాడు మళ్ళీ ఒక్కసారిగా అతిగా తాగితే వచ్చే ధ్వంసకం, విక్షయం అనే రెండు వ్యాధులను అది పేర్కొంది.

పరిశోధనలు తేల్చినది

చెవికి సూదులు గుచ్చే ఆక్యుపంక్చర్‌ను అమెరికాలో 620 మంది కొకైన్ వ్యసనపరులపై పరీక్షించారు. 2002లో వెలువడిన ఆ ఫలితాల్లో అసలు చికిత్సకూ నకిలీ సూదులకూ తేడా కనబడలేదు. బెంగళూరు నిమ్‌హాన్స్‌లో 60 మంది మద్యవ్యసనపరులపై సుదర్శన క్రియ అనే శ్వాస సాధనను పరిశీలించి 2006లో ఫలితాలు ప్రకటించారు. క్రియ చేసినవారిలో కుంగుబాటు ఎక్కువగా తగ్గింది. అయితే వారికి ముందు ఒక వారం ఆసుపత్రిలో మత్తు దింపే చికిత్స జరిగింది. పైగా కొలిచింది మనఃస్థితిని. తాగుడు మానడం ఎంతకాలం నిలిచిందన్నది కాదు.

ఆ నిలకడను 2014 నాటి సియాటిల్ పరిశోధన కొలిచింది. తొలి చికిత్స ముగించుకున్న 286 మందిని ఏడాదిపాటు గమనిస్తే, ధ్యానం నేర్చినవారు మత్తు వాడిన రోజులు మిగతావారికన్నా తక్కువని తేలింది. ఆ సాధన చాలా సాదా. సాయంత్రం నాలుక పీకుతుంది, గొంతు ఎండుతుంది, కాళ్ళు అటే లాగుతాయి. ఆ కోరికతో పోట్లాడకుండా కూర్చుని, అది ఒంట్లో ఎక్కడ పుడుతోందో ఊపిరి మీద ధ్యాసతో గమనించాలి. అలలాగా లేచినది అలలాగే విరిగిపోతుంది.

ముగింపు

మాలలో ఉన్నవి ఇవే: సాయంత్రానికి ఒక పని, చుట్టూ తోడు, మనిషికి మర్యాద. 42వ రోజున మూడూ ఒకేసారి పోతాయి. కనుక ఈ పద్ధతులు వైద్యానికి ప్రత్యామ్నాయం కావు, వైద్యం తరువాత నడవాల్సిన దారికి తోడు. మీ ఇంట్లో రోజూ తాగే మనిషి మాల వేసుకుంటానంటే సంతోషించండి. ముందు మాత్రం డాక్టరుకు చూపించండి. వ్యసన విముక్తికి జాతీయ ఉచిత సహాయ నంబరు 14446.