దుంపకు కళ్ళున్నాయి

కూరలబుట్టలో చేరాక మనకు అన్నీ దుంపలే. చిలగడదుంప, చేమదుంప, బంగాళాదుంప అంటూ అందరికీ ఒకే ఇంటిపేరు తగిలించేశాం. వృక్షశాస్త్రం చదివినవాళ్ళు మాత్రం ఒప్పుకోరు. ముల్లంగి, చిలగడదుంప వేళ్ళట. బంగాళాదుంప మట్టిలో ఊరిన కాండమట! చేమ, కంద కూడా కాండం కోవకే వస్తాయి.

నమ్మకపోతే ఒక బంగాళాదుంపను చేతిలోకి తీసుకుని చూడండి. పైన గుంటలుంటాయే, అవే దాని కళ్ళు. ప్రతి కన్నూ ఒక మొగ్గ. చిలగడదుంపకు కళ్ళుండవు. అందుకే రైతు దాని తీగముక్కలు నాటుతాడు. బంగాళాదుంపనైతే కన్నున్న ముక్క కోసి నాటుతాడు.

"ఈ తేడాతో కూర రుచేమైనా మారుతుందా?" అంటారేమో. రుచి మారదు గాని, ఒక దేశం తలరాతే మారింది.

బంగాళాదుంప పుట్టిల్లు దక్షిణ అమెరికాలోని ఆండీస్ కొండలు. అక్కడి అడవిదుంపలు చాలావరకు చిన్నవి, చేదువి. ఆ చేదు విషమే. ఎండ తగిలి పచ్చబడ్డ దుంపలో ఊరేదీ అలాంటి విషమే. టిటికాకా సరస్సు ప్రాంతపు జనం 7 వేల ఏళ్ళకు ముందే వీటిని మచ్చిక చేసుకున్నారు. చేదుదుంపల్ని బంకమట్టినీళ్ళలో అద్దుకు తిన్నారు. విషాన్ని మట్టి పట్టేస్తుంది. రాత్రి మంచుకు గడ్డకట్టించి, పగలు కాళ్ళతో తొక్కి నీరు పిండి, ఎండబెట్టి 'చున్యో' అనే వరుగులు చేసుకున్నారు. ఆ ఉపాయం మొదట ఏ ఇల్లాలికి తోచిందో గాని, నేను బి.ఏ.లో చదివిన చరిత్రలో ఆవిడ పేరు లేదు.

16వ శతాబ్దంలో స్పెయిన్ వాళ్ళు దాన్ని యూరప్‌కు తెచ్చారు. తర్వాత్తర్వాత ఐర్లండు పేదలు చాలామంది 'లంపర్' అనే ఒక్క రకం మీదే బతికారు. కంటినుంచి మొలిచిన మొక్క తల్లికి అచ్చు నకలు కదా! ఒకదానికి లొంగదీసే తెగులు పొలమంతటినీ లొంగదీస్తుంది. 1845లో ఆ తెగులు రానే వచ్చింది. నాలుగైదేళ్ళలో సుమారు 10 లక్షలమంది పోయారు. అంతకుమించి దేశం విడిచారు. అప్పుడూ ఐర్లండు రేవుల్లో ధాన్యం ఇంగ్లండు ఓడలెక్కుతూనే ఉంది. పాపం తెగులుదొక్కటే అనడానికి నాకు నోరు రాదు.

తెగులును తట్టుకునే గుణం చివరికి ఎక్కడ దొరికిందనుకున్నారు? మెక్సికోలోని ఒక అడవిదుంపలో! 20వ శతాబ్దంలో దానితో సంకరం చేసి కొత్త రకాలు తీశారు. తెగులు మొండిది, రూపు మార్చుకుని మళ్ళీ వచ్చింది. అందుకే పెరూ రాజధాని లిమాలో 1971లో పెట్టిన అంతర్జాతీయ బంగాళాదుంప కేంద్రం అడవిజాతుల విత్తనాలను దాచి కాపాడుతోంది.

అడవిదుంప జాతులు నూరుకు పైనే ఉన్నాయి. కొండవాలు దున్నినప్పుడల్లా వాటిలో ఏదో ఒకటి మనకు తెలియకుండానే పోవచ్చు. రేపు మరో తెగులొస్తే, దాన్ని ఎక్కడని వెతుక్కుంటాం?