మొదటి రాత్రి కాదు, పదో రాత్రి

బొంత కప్పుకుంటే వెచ్చగా ఉంటుంది కాబట్టి వేడి బొంతలోనే ఉందనుకుంటాం. నిజానికి ఆ వేడి మన ఒంటిదే. దూది మధ్య చిక్కుకున్న గాలి దాన్ని బయటికి పోనివ్వదు, అంతే. స్లీపింగ్ బ్యాగ్ చేసేదీ ఇదే పని. ఆ గాలి ఉండాల్సిన చోట తడి చేరితే ఏమవుతుందో 1911లో అంటార్కిటికాలో ముగ్గురు మనుషులు ప్రాణాల మీదికి తెచ్చుకుని తెలుసుకున్నారు.

వాళ్లు ఎడ్వర్డ్ విల్సన్, హెన్రీ బోవర్స్, ఆప్‌స్లీ చెర్రీ-గరార్డ్. ముగ్గురూ కెప్టెన్ స్కాట్ యాత్రలో సభ్యులు. ఎంపరర్ పెంగ్విన్ గుడ్లు తేవాలని బయలుదేరారు. ఆ గుడ్లలోని పిండాలను చూస్తే పక్షులకూ సరీసృపాలకూ ఉన్న సంబంధం తెలుస్తుందని వాళ్ల ఆశ. ఆ పెంగ్విన్లు చలికాలంలోనే గుడ్లు పెడతాయి. అందుకే సూర్యుడే కనిపించని రోజుల్లో, జూన్ 27న, కేప్ ఎవాన్స్ నుంచి కేప్ క్రోజియర్‌కు స్లెడ్జిలు లాక్కుంటూ నడిచారు. దూరం వంద కిలోమీటర్ల పైనే. ఒక రాత్రి చలి మైనస్ 60 డిగ్రీల సెల్సియస్ కంటే కిందికి పోయింది.

వాళ్ల బ్యాగులు నాసిరకం కావు. రెయిన్‌డీర్ తోలుతో కుట్టినవి. ఆ జంతువు వెంట్రుకల లోపల కూడా గాలి ఉంటుంది. లోపల వేసుకోవడానికి ఈడర్ అనే బాతు నూగుతో చేసిన మెత్తటి సంచీలు కూడా తీసుకెళ్లారు.

మరి దెబ్బ ఎక్కడ తిన్నారు? తమ చెమటతోనే, తమ ఊపిరితోనే. ఒంట్లోంచి వచ్చిన తేమ అంత చలిలో బయటికి పోలేక బ్యాగులోనే గడ్డకట్టింది. పగలు బ్యాగు చెక్కలా బిగుసుకుపోయేది. రాత్రి అందులోకి దూరడమే పెద్ద యుద్ధం. దూరాక ఒంటి వేడికి ఆ మంచు కరిగేది, ఆ తడిలోనే వణుకుతూ పడుకోవాలి. ఆరబెడదామంటే ఎండే లేదు. బయలుదేరినప్పుడు చెర్రీ-గరార్డ్ బ్యాగు బరువు 18 పౌండ్లు, అంటే సుమారు 8 కిలోలు. తిరిగొచ్చాక తూస్తే 45 పౌండ్లు, అంటే 20 కిలోలు! పెరిగిందంతా మంచే.

బోవర్స్ మాత్రం తన నూగు సంచీని వాడకుండా పొడిగా దాచుకున్నాడు. చెర్రీ-గరార్డ్ అవస్థ చూసి అది తీసుకోమని మళ్లీ మళ్లీ అడిగాడు. మొదట వద్దన్నా చివరికి ఆయన తీసుకోక తప్పలేదు. ఈ చరిత్రలో నన్ను బాగా కదిలించింది ఇదే. అంత చలిలో పొడి సంచీ ఇవ్వడమంటే మాటలు కాదు.

ఆగస్టు 1న మూడు గుడ్లతో ముగ్గురూ బతికి వచ్చారు. మరుసటి ఏడాది విల్సన్, బోవర్స్ దక్షిణ ధ్రువం నుంచి తిరిగొస్తూ స్కాట్‌తో పాటే చనిపోయారు. చెర్రీ-గరార్డ్ ఈ ప్రయాణాన్ని 1922లో పుస్తకంగా రాశారు.

ఈ డిసెంబరులో మన స్కౌట్లు కోరాపుట్ కొండల మీద గుడారాలు వేస్తారు. ఏ బ్యాగు కొనాలని ఇళ్లల్లో అడుగుతున్నారు. అక్కడ అంటార్కిటికా చలి ఉండదు, కానీ తెల్లారేసరికి మంచు కురిసి గుడారం తడిసిపోతుంది. నూగు బ్యాగు తేలిగ్గా, వెచ్చగా ఉంటుంది గానీ తడిస్తే ముద్దయిపోతుంది. సింథటిక్ దూది బ్యాగు కాస్త బరువు, కానీ తడిసినా కొంత వెచ్చదనం మిగులుతుంది, త్వరగా ఆరుతుంది. మనకు అదే నయం. చీటీ మీద ‘కంఫర్ట్’ అని ఉన్న అంకె చూడండి. ‘ఎక్స్‌ట్రీమ్’ అని ఉండేది హాయిగా నిద్రపోయే చలి కాదు, ప్రాణం నిలుపుకునే చలి. కింద చాప తప్పకుండా వేసుకోవాలి, ఎందుకంటే మన బరువుకి నలిగిన దూదిలో గాలి ఉండదు. తల లోపల పెట్టి ఊపిరి వదలకూడదు. పొద్దున్నే బ్యాగును ఎండలో వేయాలి.

కొన్న రోజు ఏ బ్యాగైనా వెచ్చగానే ఉంటుంది. పదో రాత్రి కూడా పొడిగా ఉంచుకోగలమా అన్నదే చూడాలి. వీలైతే ఒక పొడి దుప్పటి ఎక్కువ పెట్టుకోండి. అది మనకే కాదు, పక్కవాడికీ అవసరం కావచ్చు.