క్యారీబ్యాగులో పాటలు

ఇయన్ కర్టిస్ పాటలు నేను మొదట విన్నది ఇంజనీరింగ్ హాస్టల్లో, ఎవరి హార్డ్‌డిస్క్ నుంచో కాపీ చేసుకుని. మాటలు సగం అర్థం కాలేదు. తర్వాత తెలిసింది, పక్కన నిలబడి వాయించినవాళ్లదీ దాదాపు అదే పరిస్థితని. ఆయన ఏం రాస్తున్నాడో అప్పట్లో పెద్దగా పట్టించుకోలేదని జాయ్ డివిజన్‌లో మిగతావాళ్లు చాన్నాళ్లకు ఒప్పుకున్నారు. కాయితాలు మాత్రం ప్రాక్టీసుకు ఒక ప్లాస్టిక్ క్యారీబ్యాగులో వచ్చేవి. 1980 మే 18న, 23 ఏళ్లకే, ప్రాణం తీసుకున్నాడు.

ఆయన ఊరు మాకిల్స్‌ఫీల్డ్, ఒకప్పటి పట్టు మిల్లుల ఊరు. మాది బోయినపల్లి, మరమగ్గాల సిరిసిల్లకు దగ్గర. అందుకేనేమో దూరం అనిపించలేదు. కర్టిస్ అక్కడి ఉపాధి కార్యాలయంలో గుమాస్తా, వికలాంగులకు పని చూపించడం డ్యూటీ. పని కోసం వచ్చిన ఒకామెకు మూర్ఛ జబ్బు. ఆమె మీద ఒక పాట రాశాడు. 1979 మొదట్లో అదే జబ్బు తనకూ ఉందని డాక్టర్లు తేల్చారు.

ఆ చేతిరాత ప్రతులు 2014లో ఫేబర్ ప్రచురించిన 'సో దిస్ ఈజ్ పర్మనెన్స్'లో ఉన్నాయి. సంపాదకులు జాన్ సావేజ్, కర్టిస్ భార్య డెబొరా. నన్ను ఆపేసింది ఈ రెండో పేరే. ఆయన పోయేనాటికి ఆ కాపురం విడాకుల దాకా వచ్చింది. ఆ కాయితాల్లో కొన్ని ఆమెకు తగిలిన దెబ్బలు. వాటిని దాచి, సర్ది, లోకానికి చూపించిందీ ఆమే. ఇది అభిమానమా, హక్కా, లెక్క తేల్చుకోవడమా? పుస్తకం రెండుసార్లు తిరగేశాను, తేలలేదు.

మన జగిత్యాల అలిశెట్టి ప్రభాకర్‌ది దీనికి పూర్తిగా తిరగేసిన కథ. చిత్రకారుడు, ఫోటోగ్రాఫర్. కవితను బొమ్మతో కలిపి పోస్టర్ చేసి నలుగురి ముందూ పెట్టేవాడు, దాచుకోవడం అసలు లేదు. క్షయతో 1993 జనవరి 12న పోయాడు. ఇప్పుడు మనం ఆ నాలుగు లైన్లనూ బొమ్మ నుంచి పీకేసి వాట్సాప్ స్టేటస్ పెట్టుకుంటున్నాం (నేనూ పెట్టాను). ఆయన గీసిన గీత అందులో రాదు.

ఇదంతా ఎందుకంటే, మా చిన్నాయిన సాంచెల మీద పనిచేసేవాడు. ఆయన పోయినంక చిన్నమ్మ ఒక నోట్‌బుక్ నా చేతిలో పెట్టింది. ముందు పేజీల్లో మీటర్ల లెక్కలు, వెనక నుంచి తిరగేస్తే పాటలు. కొట్టివేతలు చాలా. ఒకచోట చిన్నమ్మ పేరు రాసి, కొట్టేసి, మళ్లీ రాశాడు. ఆ పాట మంచి పాట. ఆమెకు మాత్రం మంచిది కాదు.

"సదువుకో బిడ్డా, గని ఎవ్వలకు సూపియ్యకు" అంది. ఆమెకు చదవడం రాదు. ఎవరన్నా చదివి వినిపించారో లేదో అడగలేకపోయాను.

ఆ రాత్రే అన్ని పేజీలూ ఫోన్‌లో స్కాన్ చేశాను. మొన్న పండక్కి వెళ్తే, "అండ్ల నా ముచ్చట ఏమన్న ఉందా?" అని అడిగింది. ఉందన్నాను. చాయ్ పెడతానని లోపలికి పోయింది.