కైసరు కొలువులో ఆంతరంగికులు

1888 జూను నెలలో రెండవ విల్‌హెల్మ్ జర్మను చక్రవర్తి యయ్యెను. అప్పటికి ఆతని వయస్సు 29 ఏండ్లు. ఉత్సాహమునకు కొదువ లేదు; నిలుకడ మాత్రము లేదు. 1890 మార్చిలో వృద్ధుడగు బిస్మార్కునకు ఉద్వాసన చెప్పి, ఇక సర్వమును తానే నడపదలచెను. నిలుకడ లేని ప్రభువు చేతిపగ్గములను ప్రక్కనున్నవారు పట్టుకొనుట వింత గాదు. అట్లు పట్టుకొన్నవారిలో ముఖ్యుడు ఫిలిప్ ఆయిలెన్‌బుర్గ్.

ఇతడు చక్రవర్తికంటె 12 ఏండ్లు పెద్ద; దౌత్యోద్యోగి; స్వయముగా పాటలు కట్టి పియానో వాయించుచు పాడువాడు. 1886లో వారికి స్నేహము కుదిరెను. బెర్లినుకు ఉత్తరమున లీబెన్‌బెర్గ్‌లోనున్న ఆయిలెన్‌బుర్గ్ మేడకు చక్రవర్తి వేటకై పోవుచుండెను. వేసవిలో నార్వే సముద్రయాత్రకు మిత్రుని వెంటగొని పోవుచుండెను. కచేరీలలో తేలని రాజకార్యములు కొన్ని అచ్చట తేలుచుండెను.

ఇదంతయు ముఖస్తుతి మహిమయే యని మేము తలపము. 1871 నాటి రాజ్యాంగము ప్రకారము ఛాన్సలరును నియమించువాడును తొలగించువాడును చక్రవర్తియే. పార్లమెంటగు రైహ్‌స్టాగునకు ఆతనిని దింపు హక్కు లేదు. కావున చక్రవర్తియొద్ద మాట చెల్లించుకొనగలవాడే పదవులను ఇప్పించగలవాడు. ఆయిలెన్‌బుర్గ్ ప్రోద్బలముననే ఆతని మిత్రుడు బ్యూలో 1897లో విదేశాంగ కార్యదర్శియు, 1900లో ఛాన్సలరును అయ్యెను. అట్లని ఆంతరంగికుల మాట అన్నిచోట్లను చెల్లినది గాదు. సమ్మెలనణచుటకై చక్రవర్తి కోరిన బిల్లును 1899లో రైహ్‌స్టాగ్ త్రోసివేసెను.

ఆయిలెన్‌బుర్గ్ జాబులను చరిత్రకారుడు జాన్ రోల్ 1976 మొదలు మూడు సంపుటములుగా ప్రకటించెను. వానిలో పొగడ్త యున్నది. చక్రవర్తి కోపావేశములను గూర్చిన భయమును ఉన్నది. ఆ భయము బ్యూలోకు వ్రాసిన జాబులలో కనబడును.

1906లో మాక్సిమిలియన్ హార్డెన్ అను పత్రికాధిపతి ఈ మిత్రబృందముపై కత్తిగట్టెను. మొరాకో వివాదమున జర్మనీ వెనుదీయుటకు వీరే కారణమని ఆతని యారోపణ. అయితే అందులకు ఆయుధముగా గైకొన్నది వారి ఆంతరంగిక జీవితమును. పురుషుల నడుమ ప్రణయము ఆనాటి చట్టమున నేరము. ఈ పద్ధతి మాకు రుచింపదు. 1907లో యువరాజు ఆ వ్రాతలను తండ్రికి చూపెను. ఇరువదియేండ్ల చెలిమి ఒక్కనాటితో తెగెను. 1908లో ఆయిలెన్‌బుర్గ్‌పై అబద్ధప్రమాణ మను నేరము మోపబడెను. వ్యాధిచే విచారణ ఆగిపోయి, 1921లో ఆతడు మరణించువరకు తీర్పే వెలువడలేదు.

ఆతడు తొలగినను రాజ్యాంగము మారలేదు. కొలువున సేనాధికారులే మిగిలిరి. 1908 నవంబరున చక్రవర్తి యెదుట స్త్రీవేషమున నాట్యమాడి గుండె ఆగి మరణించిన హ్యూల్సెన్-హేజెలర్ చక్రవర్తి సైనిక కార్యాలయమునకు అధిపతి! ఛాన్సలరునకు పార్లమెంటు విశ్వాసము కావలెనను సవరణ 1918 అక్టోబరు 28వ తేదీన గాని రాలేదు. నవంబరు 9వ తేదీన చక్రవర్తి పదవీత్యాగము ప్రకటింపబడెను.