నిడదవోలు పూటకూళ్లు: నిరీక్షణ చరిత్ర

నిడదవోలు చరిత్ర అనగానే చాళుక్య వీరభద్రుడు, రుద్రమదేవితో అతని వివాహం స్ఫురిస్తాయి. ఆమె రాజధాని ఓరుగల్లులోని పూటకూటింటి భోజనాన్ని క్రీడాభిరామం వెలతో సహా వర్ణించింది. నిడదవోలుకు అట్టి కావ్యసాక్ష్యం లేదు. ఇక్కడి భోజనశాలలను ప్రధానంగా పోషించినది నిరీక్షణ. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిన పిదప కాలువ పడవలకూ, అటుపై మద్రాసు–హౌరా మార్గం నుండి భీమవరం శాఖ చీలే ఈ జంక్షన్లో బండ్లకూ ప్రయాణికులు కాచుకొనేవారు. పడవలు నిలిచిపోయాయి, బస్సులు, మోటారు సైకిళ్లు వేచియుండుటనే తగ్గించాయి. కాలువకు, రైలుకు దస్తావేజులున్నాయి. వండి వడ్డించిన స్త్రీల పేర్లు వాటికెక్కలేదు. ఇది నిడదవోలు లోపం మాత్రమే కాదు: 1909 నాటి పరివర్ధిత కన్యాశుల్కంలోనూ గిరీశానికి అన్నంపెట్టిన వితంతువు కేవలం పూటకూళ్లమ్మే.