దిగితే తగ్గే నొప్పి

ప్రత్యేక సంచికకు సర్వీసు అనుభవం ఒకటి వ్రాయమని మన కార్యదర్శిగారు అడిగారు. నేను వ్రాస్తున్నది అనుభవం కన్నా చరిత్రే ఎక్కువ. అయితే ఆ చరిత్రను నేను వెతుక్కుని చదవడానికి కారణం మాత్రం ఒక మనిషి.

1962లో, ఉద్యోగంలో చేరిన కొత్తలో, ఒక వంతెన పని మీద ఓవర్సీరుగా ఉన్నాను. బావి పునాదులు దింపేటప్పుడు అడుగున చెట్టు మొద్దో, బండో అడ్డుపడితే డైవరును దింపేవాళ్ళం. రాగి టోపీ, సీసపు బూట్లు వేసుకుని డెబ్బై ఎనభై అడుగుల నీటిలోకి రోజుకు మూడు నాలుగు మార్లు దిగేవాడు. వయసులో నాకన్నా ఇరవై ఏళ్ళు పెద్ద. సాయంత్రం అయ్యేసరికి భుజం పట్టుకుని కూలబడేవాడు. వాతం అనుకుని మేము బామ్ ఇచ్చి, ఇటుక కాచి కాపడం పెట్టించేవాళ్ళం. “లోనికి దిగితే హాయిగా ఉంటది ఓవర్సీరుగారూ, పైకొస్తేనే పట్టేస్తది” అన్నాడొకసారి. పని మీద మోజు అనుకుని నవ్వాము. ఆ పని ముగిసేనాటికి అతను కర్ర పట్టుకుని నడుస్తున్నాడు.

ఆ ఒక్క మాటలో జబ్బూ, దాని మందూ రెండూ ఉన్నాయని నాకు చాలా ఏళ్ళకు గాని తెలియలేదు.

నీటిలో సుమారు 33 అడుగులు దిగిన కొద్దీ మనిషి మీద ఒక్కొక్క వాతావరణ పీడనం అదనంగా పడుతుంది. ఆ ఒత్తిడికి, పీల్చే గాలిలోని నత్రజని రక్తంలోను, కొవ్వులోను, కీళ్ళలోను కరిగి ఉంటుంది. నెమ్మదిగా పైకి వస్తే అది ఊపిరితోపాటు వెళ్ళిపోతుంది. గబగబా వస్తే గోలీసోడా గోలీ కొట్టినట్లే. ఒంటిలోనే బుడగలు లేస్తాయి. కీళ్ళలో లేస్తే నొప్పితో పోతుంది. వెన్నుపాములో లేస్తే కాళ్ళు పడిపోతాయి, మూత్రం బిగుసుకుపోతుంది. ఊపిరితిత్తులకు బుడగలు ఎక్కువగా చేరితే ప్రాణానికే ముప్పు.

ఈ జబ్బు మొదట పెద్ద ఎత్తున కనబడింది సముద్రంలో కాదు, మన వృత్తిలోనే. నీళ్ళలో గిన్నె బోర్లిస్తే లోపల గాలి నిలిచినట్లు, పెద్ద పెట్టెను నది అడుగున బోర్లించి, గాలి దట్టించి నీటిని బయటకు నెట్టి, అందులో కూలీలు మన్ను తవ్వేవారు. దానినే కైసన్ అంటారు. 1841లో ట్రీజర్ అనే ఫ్రెంచి ఇంజనీరు ల్వార్ నది ఒడ్డున బొగ్గు గని కోసం ఈ పద్ధతి వాడాడు. 1854లో పోల్, వాటెల్ అనే ఇద్దరు ఫ్రెంచి వైద్యులు తాము చూసినది ప్రకటించారు. బాధ లోపల ఉండగా రాదు, బయటకు వచ్చాకనే వస్తుంది. మళ్ళీ ఒత్తిడిలోకి పంపితే తగ్గుతుంది అని. మా డైవరు చెప్పినదీ అదే కదా!

అయినా ఎవరూ పట్టించుకోలేదు. 1870లో అమెరికాలో మిసిసిపీ నది మీద సెయింట్ లూయిస్ వంతెనకు ఈడ్స్ అనే ఇంజనీరు తొంభై అడుగులకు పైగా లోతుకు కైసన్ దింపితే పన్నెండు మందికి పైగా కూలీలు పోయారు. నొప్పితో వంగి నడిచేవారిని చూసి తోటివారు, ఆనాటి ఫ్యాషన్ ఆడవాళ్ళ నడకతో పోల్చి, “బెండ్స్” అని వేళాకోళం చేశారు. రక్షణకని వెండి, జింకు పట్టీలు ఒంటికి కట్టుకున్నారట. మన తాయెత్తుల వంటివే. అక్కడి వైద్యుడు జామినే స్వయంగా లోపల రెండు ముప్పావు గంటలు ఉండి, మూడున్నర నిమిషాల్లో బయటకు వచ్చాడు. కాళ్ళు, చెయ్యి పడిపోయాయి. అదృష్టం, కోలుకున్నాడు.

తరువాత బ్రూక్లిన్ వంతెన. వైద్యుడు ఆండ్రూ స్మిత్ 110 కేసులు లెక్క వ్రాశాడు. పీడన గది ఒకటి కట్టి రోగిని అందులో ఉంచవచ్చునని కూడా వ్రాశాడు, కాని కట్టలేదు. చీఫ్ ఇంజనీరు వాషింగ్టన్ రోబ్లింగ్ కూడా ఈ జబ్బుతోనే 1872లో మంచం పట్టాడు. పదకొండేళ్ళు భార్య ఎమిలీ అతని మాటలను సైటుకు మోసి పని జరిపించింది. 1883లో వంతెన తెరిచారు. రోబ్లింగ్‌కు ఎమిలీ ఉంది గనుక పేరు మిగిలింది. కూలీల పేర్లు ఎక్కడున్నాయో!

బుడగలు నత్రజనివేనని పాల్ బేర్ 1878లో పారిస్‌లో నిరూపించాడు. పీడన గదిని నిజంగా పని చోట నిలిపినవాడు మాత్రం వైద్యుడు కాదు, ఇంజనీరు. న్యూయార్కులో హడ్సన్ నది కింది సొరంగం పనికి 1889లో ఎర్నెస్ట్ మోయిర్ వచ్చేసరికి, నలభై అయిదు యాభై మంది కూలీలలో నెలకొకరు చొప్పున చనిపోతున్నారు. ఆయన బాయిలరు వంటి ఇనుప గది పెట్టించి, జబ్బు పడినవారిని అందులో ఉంచి, ఒత్తిడి పెంచి మెల్లమెల్లగా తగ్గించాడు. తరువాతి పదిహేను నెలల్లో 120 మందిలో ఇద్దరే పోయారు. యాభై ఏళ్ళ పాఠ్యపుస్తకాలకన్నా ఆ ఇనుప గది నాకు గొప్పగా కనబడుతుంది.

జబ్బు రాకుండా పైకి ఎలా రావాలో 1908లో హాల్డేన్ పట్టికలు తయారు చేశాడు. మేకలను పీడన గదుల్లో ఉంచి పరీక్షించి, మధ్యమధ్య ఆగుతూ రమ్మన్నాడు. మన దేశంలో హౌరా వంతెన పునాదులకు, కలకత్తా వైపు, చదరపు అంగుళానికి 40 పౌండ్ల ఒత్తిడిలో మనుషులు పనిచేశారు. ఆ వంతెన 1943లో తెరిచారు.

ఇప్పటి చికిత్స మోయిర్ గదికి మనుమడే. కొత్తగా చేరింది ఆక్సిజన్. 1965లో అమెరికా నౌకాదళం ప్రకటించిన ఆరో నంబరు పట్టిక ప్రకారం, రోగిని 60 అడుగుల లోతుకు సమానమైన ఒత్తిడిలో ఉంచి, పూర్తి ఆక్సిజన్ పీల్పిస్తారు. మొత్తం నాలుగు ముప్పావు గంటలు. ఒత్తిడికి బుడగ చిన్నదవుతుంది, ఆక్సిజన్ నత్రజనిని తోసివేస్తుంది. ఆక్సిజన్ ఎడతెగకుండా ఇస్తే మూర్ఛలు రావచ్చు గనుక మధ్యలో అయిదేసి నిమిషాలు మామూలు గాలి. గదికి చేర్చేలోగా రోగిని పడుకోబెట్టి ఆక్సిజన్ పెడతారు. ఎంత తొందరగా చేరిస్తే కాళ్ళు తిరిగి వచ్చే ఆశ అంత ఎక్కువ. మనవలెవరైనా అండమాన్‌కో మాల్దీవులకో డైవింగుకు వెళ్ళి, వచ్చాక కీళ్ళనొప్పో, తిమ్మిరో అంటే, అలసట అనుకోవద్దు. విమానం ఎక్కించవద్దు, పైన గాలి పలచన, బుడగలు ఇంకా పెరుగుతాయి.

మా పని నాటికి మోయిర్ గది పెట్టి డెబ్బై ఏళ్ళు దాటింది. మా సైటు స్టోరులో ఎయిర్ కంప్రెసరు ఉంది, ఇనుప రేకులున్నాయి, మంచి వెల్డరు ఉన్నాడు. బామ్ సీసాలకు మాత్రం నేనే ఇండెంటు వ్రాసి సంతకం పెట్టాను.